వరంగల్ తిండియాత్రకు పేర్ల కన్నా ముందు వేళలు రాసుకోండి

హైదరాబాద్ నుంచి ఆరుగురు స్నేహితులు జనవరి మొదటి వారాంతంలో వరంగల్ వస్తున్నామని, రెండు రోజులూ ముఖ్యంగా తినడానికేనని రాశారు. ఒకరు శాకాహారి, ఒకరు కారం తట్టుకోలేరు, ఇద్దరికి బేకరీలంటే ప్రాణం. ఏ బేకరీకి వెళ్లాలి, ఏ హోటల్‌కు వెళ్లాలి, పేర్లు చెప్పమన్నారు. ఈ ఊళ్లో బేకరీలకు, హోటళ్లకు మైదా, వనస్పతి, పంచదార సరఫరా చేసే వ్యాపారం మాది. గిరాకీ చూసే ముందు గుమ్మం కన్నా, సరుకు దించే వెనక గుమ్మం నాకు ఎక్కువ పరిచయం. అందుకే పేర్ల జాబితా ఇవ్వడం లేదు. బోర్డు మీద పేరు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, లోపల కాల్చే ఉస్తాద్, అంటే పెద్ద పనివాడు, మారిపోతాడు. నిరుడు బ్రహ్మాండంగా ఉన్న ఎగ్ పఫ్ ఈ ఏడు అదే దుకాణంలో పిండిముద్దలా ఉండటం నేను చూస్తూనే ఉన్నాను. మారనిది ఒకటుంది. ప్రతి వస్తువుకూ రోజులో ఒక మంచి వేళ ఉంటుంది. ఆ వేళకు వెళితే మామూలు దుకాణంలోనూ మంచి తిండి దొరుకుతుంది. అది దాటితే పేరున్న చోట కూడా చల్లారినదే మిగులుతుంది. మీ రెండు రోజులనూ ఆ వేళల చుట్టూ అల్లుకోండి.

ముందుగా తేదీ మాట. వీలైతే మీ ప్రయాణం ఒక వారం ఆలస్యం చేయండి. డిసెంబర్ 31కి ప్రతి బేకరీ ముందూ షామియానా వేసి కేకులు గుట్టలుగా పేరుస్తారు. అన్ని కేకులు ఒక్క రోజులో తయారు కావు. స్పాంజిలు ముందే చేసి పెట్టుకుంటారు, పైన పూసే క్రీమ్ చాలా చోట్ల పాలది కాదు, వనస్పతి కొవ్వుతో చేసినది. ఆ వారమంతా ఉస్తాద్‌లకు నిద్ర ఉండదు, రోజువారీ బన్నులు, బిస్కెట్ల మీద శ్రద్ధా ఉండదు. రెండో వారానికి భట్టీ, అంటే బేకరీ పొయ్యి, మళ్లీ తన పద్ధతిలో పడుతుంది. పైగా సంక్రాంతి దగ్గర పడుతుంది కాబట్టి ఇళ్లలోనూ స్వగృహ దుకాణాల్లోనూ సకినాల పని మొదలై ఉంటుంది. ఇబ్బంది ఒక్కటే. సికింద్రాబాద్ నుంచి కాజీపేట, వరంగల్ మీదుగా విజయవాడ వైపు వెళ్లే రైళ్లన్నీ పండుగకు వెళ్లేవాళ్లతో నిండిపోతాయి. వచ్చే టికెట్లు ఇప్పుడే చేయించుకోండి. తిరుగు ప్రయాణానికి అంత కష్టం ఉండదు.

కాజీపేట, హనుమకొండ, వరంగల్ ఒకదాన్నొకటి అంటుకుని ఉన్న మూడు ఊళ్లు. కాజీపేట స్టేషన్ నుంచి వరంగల్ స్టేషన్‌కు సుమారు పది కిలోమీటర్లు. బస హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల తీసుకోండి, అటూ ఇటూ సమదూరం. ఊళ్లో కారు తిప్పకండి. మండి బజార్ లాంటి చోట్ల కారు నిలపడానికి పట్టే సమయంలో ఆటోలో వెళ్లి తిని రావచ్చు.

ఇక బేకరీలు. మీ స్నేహితులిద్దరి కోసమే కాదు, నాకూ ఇష్టమైన విషయం కాబట్టి కొంచెం విస్తారంగా రాస్తాను.

మా దగ్గరి పాత తరహా బేకరీల్లో రోజుకు రెండు ఈడులు, అంటే భట్టీలో కాల్చి దించే విడతలు, నడుస్తాయి. మొదటిది తెల్లవారుజామున. బ్రెడ్డు, బన్ను, పాల బ్రెడ్డు అప్పుడే దిగుతాయి. పొద్దున ఏడు లోపు వెళితే బన్ను ఇంకా గోరువెచ్చగా ఉంటుంది. బన్నును వేడిమీద తినవచ్చు గానీ, బ్రెడ్డును భట్టీ నుంచి దిగిన వెంటనే కోయించకండి. లోపలి ఆవిరి సర్దుకుని పిండి గట్టిపడటానికి కొంత సమయం పడుతుంది. అంతకు ముందే కత్తి పెడితే ముక్కలు జిగురుజిగురుగా అతుక్కుంటాయి. ఇంటికి తీసుకెళ్లిన బ్రెడ్డును ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చలికి లోపలి పిండిపదార్థం తొందరగా బిగుసుకుని, బయట ఉన్నదానికన్నా ముందే గట్టిపడుతుంది. రెండు రోజుల్లో తినేదైతే బయటే ఉంచండి.

రెండో ఈడు మధ్యాహ్నం తర్వాత. పఫ్‌లు ఆ వేళవి. సాయంత్రం చాయ్ గిరాకీ కోసం మూడున్నర, నాలుగు గంటల మధ్య ట్రేలు బయటికి వస్తాయి. పఫ్ అంటే మైదా పొరలకూ కొవ్వు పొరలకూ మధ్య పుట్టే ఆవిరి. భట్టీ వేడికి పిండిలోని నీరు ఆవిరై పొరలను విడదీసి పైకి లేపుతుంది. దిగిన గంటసేపు ఆ పొరలు కరకరమంటాయి. తర్వాత లోపలి మసాలాలో ఉన్న తేమ మెల్లగా పొరల్లోకి పాకుతుంది. అప్పుడు మైక్రోవేవ్‌లో వేడి చేసి ఇస్తే నోట్లో సాగుతుంది. కాబట్టి దుకాణంలోకి వెళ్లగానే "ఏం బాగుంటుంది" అని కాదు, "ఇప్పుడే ఏది దిగింది" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడిగే గిరాకీని ఏ బేకరీ యజమానీ తేలిగ్గా తీసుకోడు. కొందరు లోపలికి పిలిచి ట్రే చూపిస్తారు కూడా.

కొవ్వు గురించి ఒక మాట. వెన్న మన ఒంటి వేడికే కరుగుతుంది. వెన్నకు బదులు వాడే గట్టి మార్జరిన్ కరగడానికి అంతకన్నా ఎక్కువ వేడి కావాలి, అందుకే తిన్న తర్వాత అంగిలికి మైనం పూసినట్లు ఉంటుంది. పఫ్ తిని నీళ్లు తాగాక కూడా ఆ పూత పోకపోతే అక్కడ రెండోది కొనకండి. పారిశ్రామికంగా తయారయ్యే ట్రాన్స్ కొవ్వులను నూనెలు, కొవ్వుల్లో 2 శాతానికి మించనివ్వకూడదని 2022 జనవరి నుంచి మన దేశంలో నిబంధన ఉంది. లైసెన్సు పొందిన దుకాణంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు కనిపించేలా పెట్టాలి. కొత్త చోట తినే ముందు ఆ కాగితం ఉందో లేదో ఒకసారి చూడటం మంచి అలవాటు.

మీరు వెతకవలసినవి: ఉస్మానియా బిస్కెట్, ఫ్రూట్ బిస్కెట్, పొరలు పొరలుగా ఉండే ఖారీ, కొబ్బరి నింపిన దిల్ పసంద్. ఉస్మానియా బిస్కెట్‌లో తీపి వెనకే ఉప్పు తగలాలి. ఉప్పు తగలకపోతే అది ఉత్త తీపి బిస్కెట్టే. దిల్ పసంద్‌ను మాత్రం పెద్ద గుండ్రటి బిళ్లగా ఉన్నప్పుడే చూసి, మీ ఎదుట కోయించుకోండి. లోపల కొబ్బరి తడిగా ఉండాలి. ముందే కోసి అద్దాల పెట్టెలో పెట్టిన ముక్కల అంచులు ఎండిపోయి ఉంటాయి. కాజీపేట రైల్వే ఊరు, పక్కనే ఫాతిమా నగర్‌లో క్యాథెడ్రల్ ఉంది. క్రిస్మస్ ముందు ఆ వైపు ప్లమ్ కేకుల సందడి బాగుంటుంది. మీరు వచ్చేసరికి అది అయిపోతుంది, కానీ దిగిన రోజు పొద్దున్నే అటునుంచే వస్తారు కాబట్టి ఒక బన్ను, చాయ్ అక్కడే కానివ్వండి.

శాకాహారి స్నేహితుడికి ఇది తప్పక చెప్పండి. కర్రీ పఫ్‌లో కూరగాయలే ఉన్నా పైన మెరుపు కోసం చాలా చోట్ల గుడ్డుసొన పూస్తారు. ఎగ్ పఫ్‌లు, కర్రీ పఫ్‌లు ఒకే ట్రేలో కాలుస్తారు. ఆయన గుడ్డు కూడా తినని మనిషైతే అడిగి తీసుకోవాలి. ఖారీ, రస్కు విషయంలో సాధారణంగా ఈ చిక్కు ఉండదు. అయినా అడగడంలో నామోషీ లేదు.

చాయ్‌కి కూడా వేళ ఉంది. ఇరానీ చాయ్‌లో డికాషన్ వేరుగా మూతబెట్టి ఉడుకుతుంది, పాలు వేరుగా చిక్కబడతాయి. కప్పులో పోసేటప్పుడు కలుపుతారు. పొద్దున మొదటి గంటలో డికాషన్ ఇంకా పల్చగా ఉంటుంది. మధ్యాహ్నం మిగిలింది చేదెక్కుతుంది. సాయంత్రం గిరాకీ కోసం కొత్తగా పెట్టినది, నాలుగున్నర తర్వాతది, నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. పఫ్ ఇంకా కరకరలాడే వేళా అదే కావడం మీ అదృష్టం.

భోజనాల విషయానికి వస్తే, మొదటి రోజు మధ్యాహ్నం బిర్యానీ జోలికి వెళ్లకండి. అది హైదరాబాద్‌లో మీ వీధి చివరే దొరుకుతుంది. ఇక్కడ బగారా అన్నం, మటన్ కూర తినండి. మా పెళ్లిళ్ల పంక్తి భోజనం అదే. బగారా అన్నంలో మసాలా తక్కువగా ఉండాలి, లవంగం, దాల్చిన చెక్క, పుదీనా వాసన మాత్రమే తెలియాలి. కూర పులుసు దానికి అందాలి. తెలంగాణ వంటల పేరుతో నడిచే హోటళ్లలో గోలిచ్చిన మాంసం అని ఉంటే అదీ ఒకటి తీసుకోండి. మాంసాన్ని దాని నీళ్లలోనే ఉడికించి, ఆ నీరంతా ఇగిరిపోయాక నూనెలో సన్న సెగ మీద వేయించాలి. హడావుడిలో ఉన్న వంటమనిషి ముందే ఉడికిన ముక్కలను నూనెలో తిప్పి ఇస్తాడు. తేడా ఇట్టే తెలుస్తుంది: సరిగ్గా చేసినదానిలో మసాలా ముక్కను పట్టుకుని ఉంటుంది, గిన్నె అడుగున నూనెలో తేలదు. పన్నెండున్నరకే వెళ్లి కూర్చోండి. వారాంతంలో ఒంటిగంట దాటితే కుటుంబాలతో నిండిపోతాయి.

శాకాహారికి మెస్సుల్లో లోటు ఉండదు. పుంటికూర (గోంగూర) పప్పు, చిక్కుడుకాయ, వంకాయ ఇవన్నీ జనవరిలో మంచి రుచి మీద ఉంటాయి. వీటి పక్కన పచ్చి పులుసు అడగండి. చింతపండు రసాన్ని పొయ్యి మీద పెట్టకుండా, కాల్చిన మిరపకాయ, ఉల్లిపాయ నలిపి కలుపుతారు. ముద్దపప్పు అన్నంలో దాన్ని పోసుకుని తింటే ఇంకే కూరా అవసరం లేదని నా నమ్మకం.

కారం తట్టుకోలేని మిత్రుడికి రంగు చూసి భయపడవద్దని చెప్పండి. వరంగల్ చపాటా మిరప అని ఒక రకం ఉంది. టమాటాలా లావుగా, గుండ్రంగా ఉంటుంది, చిక్కటి ఎరుపు, కారం తక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పొడి వేసిన కూర ఎర్రగా మెరుస్తుంది గానీ నాలుకను కాల్చదు. దీనికి ఎదురుగా, పచ్చిమిర్చి నూరి పెట్టిన పచ్చడి ఎరుపు లేకుండా, అమాయకంగా కనిపిస్తుంది. జాగ్రత్త పడవలసింది దానితోనే. మీరు శుక్రవారమే రాగలిగితే పొద్దున్నే ఎనుమాముల మార్కెట్ యార్డుకు వెళ్లండి. మిరప రాక అప్పుడప్పుడే మొదలవుతుంది, వారాంతంలో కొనుగోళ్లు ఉండవు. కాయను విరిచి వాసన చూసే అవకాశం మళ్లీ రాదు. ముక్కుకు రుమాలు తీసుకెళ్లండి.

సాయంత్రం పూట వీధుల వెంట జొన్న రొట్టెలు చేసే ఆడవాళ్లు కూర్చుంటారు. ఇది తప్పించుకోకండి. జొన్నపిండిలో గోధుమలో ఉండే సాగుడు ఉండదు, అందుకే మరిగిన నీళ్లతో కలిపి, కర్రతో వత్తకుండా అరచేత్తో తట్టి రొట్టె చేస్తారు. పెనం మీద పొంగిన రొట్టెను నిలబడే తినాలి. పొట్లం కట్టించి గదికి తీసుకెళితే పది నిమిషాల్లో బిరుసెక్కుతుంది. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య వెళ్లండి. రాత్రి భోజనం దాంతోనే అయిపోవచ్చు, అదే మంచిది కూడా.

సర్వపిండి, సకినాలు హోటళ్లలో వెతకకండి. అక్కడక్కడా మెనూలో ఉంటాయి గానీ అవి ఇంటి వంటలు, వాటిని స్వగృహ దుకాణాల్లోనూ ఇళ్ల దగ్గర చేసి అమ్మేవాళ్ల దగ్గరా అడగాలి. సర్వపిండికి బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు కలిపి, ఆ ముద్దను గిన్నె లోపలి అంచుల దాకా వత్తి, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె వేసి, మూతపెట్టి సన్న సెగ మీద కాలుస్తారు. తిరగవేయరు. అడుగు ఎర్రగా కరకరలాడాలి, పైభాగం మెత్తగా ఉండాలి. వేడి గిన్నెలో చేత్తో పిండి వత్తలేరు కాబట్టి ఒకటి దిగాక గిన్నె చల్లారే దాకా ఆగాలి, లేదా రెండు మూడు గిన్నెలు మార్చుకుంటూ చేయాలి. ఆరుగురికి ఆరు సర్వపిండులు కావాలంటే గంటకు పైగా పడుతుంది. అందుకే ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. పొద్దున పదకొండుకు ఒక్కొక్కరికి సగం చొప్పున తింటే అది ఫలహారానికీ భోజనానికీ మధ్య సరిపోతుంది.

సకినాలకు బియ్యం నానబెట్టి, తడిపిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, తెల్లటి బట్ట మీద వేళ్లతో సన్నగా మెలితిప్పుతూ చుట్ల మీద చుట్లు అల్లుతారు. కాస్త ఆరాక నూనెలో వేస్తారు. పిండి కాస్త గట్టిపడినా మెలిక తెగుతుంది, పలచబడితే చుట్టు నిలవదు. పండుగ ముందు వాడల్లో నలుగురైదుగురు ఆడవాళ్లు కలిసి కూర్చుని చుట్టడం కనిపిస్తే, అడిగి చూడండి, కాదనరు. ఆడపిల్ల అత్తవారింటికి పంపే సారెలో వీటికి పెద్దపీట. కొనేటప్పుడు ఒకటి విరిచి చూడండి: పుటుక్కున విరగాలి, నూనె చేతికి అంటకూడదు. సంచిలో వేస్తే ఇంటికి పొడి చేరుతుంది, మూత ఉన్న డబ్బా వెంట తెచ్చుకోండి.

రెండో రోజు ఊరు దాటండి. కరీంనగర్ వైపా, ములుగు వైపా అంటే నేను ములుగే చెబుతాను. హనుమకొండ నుంచి రామప్పకు సుమారు 65 కిలోమీటర్లు. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. గుడి చూడటానికి పెట్టే ఆ రెండు గంటల నడకే మీకు మధ్యాహ్నం ఆకలి తెస్తుంది, ఆ మాటకొస్తే తిండియాత్రలో నడక కూడా ఒక పదార్థమే. పొద్దున ఏడుకల్లా హనుమకొండలో ఇడ్లీ, దోశ ముగించుకుని బయలుదేరండి. అంతకన్నా ముఖ్యం, బయలుదేరే ముందే దారిలో తినబోయే చోటికి ఫోన్ చేసి నాటుకోడి చెప్పండి. నాటుకోడి ముక్క మెత్తబడటానికి బ్రాయిలర్ కన్నా చాలా ఎక్కువ సమయం కావాలి. వెళ్లి కూర్చున్నాక అడిగితే కుక్కర్‌లో కూతలు పెట్టించి తెస్తారు, ఎముకలోని రసం పులుసులోకి దిగదు. పొద్దున చెబితే మధ్యాహ్నానికి కుదురుగా ఉడుకుతుంది. చెరువుల వైపు వెళితే కొర్రమీను అడగండి. అది రాష్ట్ర చేప, ముళ్లు తక్కువ, చింతపండు పులుసులో ముక్క చెదరదు. ప్రాణంతో ఉన్న చేపను చూపించి తూకం వేసే చోటే తినండి. మీరు ప్రయాణం పెట్టుకున్న ఏడాదిలో మేడారం జాతర ఉంటే తేదీలు చూసుకోండి. రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది, దానికి ముందు వారాల నుంచే ఆ దారిలో రద్దీ మొదలవుతుంది.

మరో రోజు మిగిలితే చాలామంది అంకాపూర్ కోడి గురించి అడుగుతారు. అది నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ పక్క ఊరు, ఇక్కడి నుంచి చాలా దూరం. కోడి లెక్కన ముందే చెప్పి వండించుకునే పద్ధతి వాళ్లది, వెళ్లదగినదే. కానీ దాన్ని ఈ రెండు రోజుల్లో ఇరికించకండి. ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూ, అంకాపూర్ కోడి కలిపి ఆదిలాబాద్ వైపు వేరే యాత్ర చేయండి.

ఆరుగురు కలిసి తినేటప్పుడు ఎక్కువగా పాడయ్యేది ఆర్డర్ దగ్గరే. ప్రతి చోటా ఆరుగురికి సరిపడా చెబితే మధ్యాహ్నానికే అందరూ చేతులెత్తేస్తారు. బేకరీలో ముగ్గురికి ఒక పఫ్, ఇద్దరికి ఒక బన్ను చాలు. భోజనం దగ్గర నాలుగు ప్లేట్లు తెప్పించి పంచుకోండి, చాలకపోతే మళ్లీ చెప్పవచ్చు. డబ్బు ముందే ఒకరి దగ్గర వేసి, ఆ రోజుకు ఏం తినాలో ఆ ఒక్కరే తేల్చాలి. మర్నాడు ఇంకొకరు. ఆరుగురు ఆరు ఫోన్లలో రేటింగులు చూస్తూ నిలబడితే పఫ్ దిగిన గంట దాటిపోతుంది. శాకాహారి స్నేహితుడి భోజనాన్ని చివర్లో తలుచుకోవడం చాలా గుంపుల్లో చూస్తుంటాను. ఆయనకు ఏది దొరుకుతుందో ముందు అడిగి, ఆ తర్వాతే ఆ చోట కూర్చోండి.

తిరుగు రైలు ఆదివారం సాయంత్రం ఆరు తర్వాతదే ఎంచుకోండి. నాలుగింటి ఈడులో దిగిన ఖారీ, ఉస్మానియా బిస్కెట్లు కట్టించుకునే వీలుంటుంది. వేడి మీద ప్లాస్టిక్ సంచిలో మూట కట్టనివ్వకండి, ఆవిరి పట్టి మెత్తబడతాయి. కాగితం సంచిలో వేయించుకుని, చల్లారాక డబ్బాలోకి మార్చండి.